రోల్ నంబర్ 18: చనిపోయిన క్లాస్‌మేట్‌ను గుర్తుచేసుకోవడం ఎలా

వాడి పేరు ఇక్కడ రాయను. ఇంట్లోవాళ్లను అడగలేదు, అడిగేంత అవసరమూ లేదు. క్లాసులో నా రోల్ నంబర్ 17, వాడిది 18. ఆరో తరగతి నుంచి పది దాకా ప్రతి పరీక్షలో వాడు నా వెనకే. ఐదేళ్లు వాడు నా జడ చూశాడు, నేను వాడి పెన్ను చప్పుడు విన్నాను. జవాబు తట్టకపోతే పెన్ను మూత తీసి పెడుతూ, తీసి పెడుతూ టిక్కు టిక్కుమనిపించేవాడు. ముప్పై నాలుగేళ్ల తర్వాత ఒక రాత్రి తొమ్మిదీ నలభైకి, వాడు పోయాడని క్లాసు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది.

గంటలో యాభైకి పైగా జవాబులు. దండాల బొమ్మలు, ‘ఆర్‌ఐపీ’లు, ‘నమ్మలేకపోతున్నా’లు. నేనూ అదే టైప్ చేసి, చెరిపేసి, మళ్లీ అదే పెట్టాను. తర్వాత ఎవరో అన్నారు: “నువ్వు వాడి ముందు కూర్చునేదానివి కదా, ఇంటివాళ్లకు పంపడానికి రెండు ముక్కలు రాయవే.” రాశాను. ‘అందరితో కలివిడిగా ఉండే మంచి మనిషి, ఎప్పుడూ నవ్వుతూ నవ్విస్తూ ఉండేవాడు’ అని. గ్రూపంతా మెచ్చుకుంది.

పంపాక చదివితే నాకే సిగ్గేసింది. వాడు కలివిడి మనిషి కాడు. నవ్వడమూ తక్కువే. ఆ వాక్యం ఎవరు పోయినా పంపొచ్చు, రేపు నేను పోయినా పంపొచ్చు. పేరు మారిస్తే సరిపోతుంది.

ఆ తర్వాత ఎనిమిది నెలలు పట్టింది, ఆ పని మళ్లీ మొదట్నుంచి చేయడానికి. ఇలాంటి మెసేజ్ మీ గ్రూపులోనూ వచ్చి, ఏం చేయాలో తెలియక ఫోను పట్టుకుని కూర్చున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు తెలిసొచ్చింది ఒక్కటే. భార్యకీ పిల్లలకీ వాడి చివరి పాతికేళ్లు తెలుసు. పన్నెండేళ్లప్పటి వాడు వాళ్ల దగ్గర లేడు. ఆ పిల్లాడు మా దగ్గరే ఉన్నాడు, అదీ ఒకరి దగ్గర కాదు, ముప్పై ఎనిమిది మంది దగ్గర ముక్కలు ముక్కలుగా. ఆ ముక్కలు ఏరి ఇవ్వడమే మనం చేయగలిగిన పని. మిగతావన్నీ వాళ్ల దగ్గర ఇప్పటికే ఉన్నాయి.

మొదటి రోజు చేయాల్సింది చాలా తక్కువ

ముందు వార్త నిజమేనా చూసుకోండి. వినడానికి మొరటుగా ఉంటుంది కానీ, మా బ్యాచ్‌లోనే ఒకే పేరుతో ఇద్దరున్నారు. అంతకు రెండేళ్ల ముందు వాళ్లలో ఒకరి నాన్నగారు పోతే, ఎవరో సగం విని గ్రూపులో పెట్టారు. బతికున్న మనిషి తన మీద వచ్చిన సంతాపాలు తానే చదువుకున్నాడు. నవ్వాడు గానీ, వాళ్లావిడ నవ్వలేదు. అందుకే దగ్గర్నుంచి చూసినవాళ్లో, ఇంట్లోవాళ్లో చెప్పేదాకా గ్రూపులో పెట్టకండి. ఇంటి పేరు, రోల్ నంబరు కలిపి రాస్తే ఇంకా మంచిది.

తర్వాత ఫోను. ముప్పై ఎనిమిది మంది చేయకూడదు, ఒక్కరే చేయాలి. ఎవరో ముందే తేల్చుకోండి. మా తరఫున చేసినామె రెండే అడిగింది: “ఈ సంగతి మా క్లాసువాళ్లకు చెప్పొచ్చా? మేము చేయగలిగింది ఏమైనా ఉందా?” ఎలా పోయాడని అడగలేదు. చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు. చెప్పకపోతే గ్రూపులో ఊహాగానాలు మొదలవుతాయి. అడ్మిన్ అక్కడే ఆపాలి. మా అడ్మిన్ పెట్టిన మెసేజ్ నాకు బాగా నచ్చింది: “కారణం మనకు తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం కూడా లేదు. దయచేసి ఇక్కడ దాని గురించి వద్దు.”

బలవన్మరణం అయితే ఇంకాస్త జాగ్రత్త కావాలి. మీడియా కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనలు క్లాసు గ్రూపుకూ సరిగ్గా వర్తిస్తాయి. ఏ విధంగా చనిపోయారో వివరించొద్దు, ఒకే కారణం అంటగట్టొద్దు, ‘కష్టాల నుంచి విముక్తి దొరికింది’ లాంటి మాటలతో ఆ పనిని గొప్పగా చూపించొద్దు. ఆ మెసేజ్‌లు చదివే ముప్పై ఎనిమిది మందిలో ఎవరి మనసు ఎలా ఉందో మనకు తెలియదు. గ్రూపులో ఒక్కసారిగా మాట మానేసినవాళ్లకు విడిగా ఫోన్ చేయండి.

ఇక మీ సంగతి. ముప్పై ఏళ్లుగా పలకరింపు లేని మనిషి కోసం ఇంత బాధేంటని మీకే అనిపించొచ్చు. ఇంట్లోవాళ్లు “ఎవరు? ఏ క్లాస్‌మేట్?” అని అడిగి మళ్లీ టీవీ వైపు తిరుగుతారు. ఆఫీసులో లీవు అడగలేరు. పైకి చెప్పుకునే హక్కు లేనట్టుండే ఈ తరహా దుఃఖం గురించి కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు 1989 నుంచీ రాస్తున్నారు. చుట్టూ ఉన్నవాళ్లు గుర్తించకపోవడమే దాన్ని ఇంకా బరువెక్కిస్తుందని ఆయన మాట. నాకైతే ఆ ముక్క తెలిశాక కాస్త ఊపిరాడింది. ఏడుపొస్తే ఏడ్చాను, సంజాయిషీ ఇవ్వలేదు.

ఇతరులవి చదవకముందే మీది రాసుకోండి

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. గ్రూపులో వచ్చినవన్నీ చదివాక రాయడానికి కూర్చున్నాను. అప్పటికే ఒకరు ‘వాడి ఆకుపచ్చ జామెట్రీ బాక్స్ గుర్తుందా’ అని పెట్టారు, మరో నలుగురు ‘అవును, అవును’ అన్నారు. నాకూ ఆకుపచ్చ బాక్స్ కళ్ల ముందు కనబడింది. రంగుతో, మూత మీద గీతలతో సహా. నెల తర్వాత పాత ఫోటో ఒకటి దొరికింది. ఆకుపచ్చ బాక్స్ నాది.

ఇది మనుషులందరికీ జరిగేదే. బ్రిటన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో ప్రచురించిన ప్రయోగాల్లో, తమకు కొత్తగా ఉన్న ఒక జానపద కథను కొందరితో చదివించి, కొన్నాళ్ల విరామాలతో మళ్లీ మళ్లీ చెప్పించారు. చెప్పినకొద్దీ వింతగా ఉన్న భాగాలు రాలిపోయాయి, తమకు అలవాటైన సంగతులు వచ్చి చేరాయి. కథలో ఉన్న చిన్న తెడ్ల దోనె మామూలు పడవైపోయింది, సీల్ జంతువుల వేట చేపలు పట్టడమైపోయింది. జ్ఞాపకం అంటే బీరువాలోంచి బట్ట తీసినట్టు కాదు, తీసిన ప్రతిసారీ కొత్తగా కుట్టడమే. నలుగురూ కలిసి గుర్తుచేసుకుంటే ఒకరి పొరపాటు మిగతావాళ్లకూ అంటుకుంటుంది.

కాబట్టి గ్రూపు మ్యూట్ చేసి, కాగితం తీసుకుని, ఓ ఇరవై నిమిషాలు ఒంటరిగా కూర్చోండి. కాగితాన్ని మూడు వరుసలుగా గీయండి. ‘చూసింది’, ‘విన్నది’, ‘అనుకున్నది’. గుర్తొచ్చిన ప్రతి ముక్కా ఏదో ఒక వరుసలోకి వెళ్లాలి. వాడు ఎడమచేత్తో రాసేవాడు, చూసింది. వాళ్ల నాన్న కోప్పడేవారు, విన్నది. వాడికి లెక్కలంటే భయం, అనుకున్నది. పదో తరగతిలో లెక్కలు తప్పి మళ్లీ రాశాడు, ఇది చూసిందే; మార్కుల లిస్టు గోడకు అంటించినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

‘వాడు ఎలాంటివాడు?’ అని మిమ్మల్ని మీరు అడక్కండి. ఆ ప్రశ్నకు విశేషణాలే వస్తాయి. చేతులు ఎలా ఉండేవి? నాకు వెంటనే వచ్చింది: చిటికెన వేలి పక్కన ఎప్పుడూ నీలం మరక. ఎడమచేత్తో రాస్తే తడి సిరా మీదుగానే చెయ్యి జరుగుతుంది కదా. ఎక్కడ కూర్చునేవాడు, ఏం అప్పు అడిగేవాడు, ఏ చప్పుడు చేసేవాడు, ఏ మాస్టారు వస్తే సర్దుకునేవాడు, వాన పడితే ఏం చేసేవాడు. ఇలా అడుగుతూ పోతే ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి వస్తుంది. బోర్డు మీద వృత్తం గీయమంటే దారం, కంపాస్ ఏమీ లేకుండా ఒక్క ఊపులో గీసేసేవాడన్న సంగతి నాకు పదిహేడో నిమిషంలో గుర్తొచ్చింది. ముప్పై నాలుగేళ్లు అదెక్కడుందో.

ఏమీ గుర్తు రాదేమోనని టెన్షన్ పడకండి. నడివయసు దాటినవాళ్లను జీవితంలో జరిగినవి చెప్పమంటే, సుమారు 10 నుంచి 30 ఏళ్ల మధ్య జరిగినవే లెక్కకు మించి చెబుతారని పరిశోధకులు పదే పదే చూశారు. బడి రోజులు పడేది సరిగ్గా అక్కడే. నిన్న మధ్యాహ్నం కలిసిన మనిషి పేరు మర్చిపోయే నాకు, ఏడో తరగతిలో వాడి చొక్కాకి రెండో గుండీ రంగు వేరని గుర్తుంది.

మిగతావాళ్లను అడగడం

‘మీ జ్ఞాపకాలు పంచుకోండి’ అని గ్రూపులో పెట్టాను. మూడు రోజుల్లో నలుగురు రాశారు, నాలుగూ ‘మంచివాడు’లే. తప్పు వాళ్లది కాదు, ప్రశ్నది. అంత పెద్ద ప్రశ్న వేస్తే ఎవరైనా పెద్ద మాటే వెతుక్కుంటారు.

తర్వాత ఒక్కొక్కరికీ విడిగా ఒక్కొక్క చిన్న ప్రశ్న పంపాను. ఇంటి దారిలో వాడితో నడిచినవాడికి: ‘దారిలో ఎక్కడైనా ఆగేవారా?’ బెంచీలో పక్కన కూర్చున్నవాడికి: ‘బెంచీ మీద ఏమైనా చెక్కాడా?’ ఆటల్లో ఉన్నవాడికి: ‘టీములు పంచుకునేటప్పుడు వాణ్ని ఎన్నోవాడిగా తీసుకునేవారు?’ ఈసారి ఇరవై ఒక్కమంది జవాబిచ్చారు. ఆఖరి ప్రశ్నకొచ్చిన జవాబు ఇది: “చివర్లో. వాడికి పరుగు రాదు. కానీ స్కోరు రాసేది వాడే, కొట్లాట రాకుండా.” చూడండి, ఇందులో ఒక్క పొగడ్త కూడా లేదు. మనిషి మాత్రం ఎదురుగా నిలబడ్డాడు.

రాయడం ఇష్టం లేనివాళ్లను వాయిస్ మెసేజ్ పంపమనండి. గొంతుతో చెప్పేటప్పుడు జనం వివరాల్లోకి వెళ్తారు. విన్నవెంటనే రాసుకోండి, ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో పక్కన వేయండి. ఒకే సంఘటన ఇద్దరు రెండు రకాలుగా చెబితే రాజీ కుదర్చకండి, రెండూ ఉంచండి. వాడు కిటికీ అద్దం పగలగొట్టింది బంతితోనా, సుద్దడబ్బాతోనా అన్నది మా దగ్గర ఇప్పటికీ తేలలేదు.

మాస్టార్లు ఎవరైనా ఉంటే ముందు వాళ్లను అడగండి. మిగతావాళ్లు ఆగుతారు, వాళ్లు ఆగలేరు. మా లెక్కల మాస్టారికి వాడి పేరు చెబితే గుర్తు రాలేదు. “గుండ్రంగా సున్నా గీసేవాడండీ” అన్నాను. “ఓ, ఆ ఎడమచేతి వాటం పిల్లాడా!” అన్నారు.

మంచివి కాని జ్ఞాపకాలు

దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ, ప్రతి క్లాసులో ఇది ఉంటుంది.

మా క్లాసులో ఒకతనికి మాట తడబడేది. అతనికి వెక్కిరింపు పేరు పెట్టింది నా 18వ నంబరే. ఆ పేరుతోనే పది దాకా పిలిచారు, నేనూ ఒకటి రెండుసార్లు పిలిచాను. నేను చిన్న ప్రశ్నలు పంపినప్పుడు అతను ఒక్కడే చదివి జవాబివ్వలేదు. వారం ఆగి ఫోన్ చేశాను. అతను చాలా మర్యాదగా చెప్పాడు: “నా దగ్గర రాయడానికేం లేదు. నన్ను రాయమనొద్దు. ఒక్కటే, ‘అందరికీ ఇష్టమైనవాడు’ అని మాత్రం రాయకండి.”

నేను సరిగ్గా ఆ వాక్యమే రాసి పెట్టుకున్నాను. తీసేశాను.

ఇలాంటప్పుడు నా పద్ధతి ఇది. గాయపడ్డవాళ్లను క్షమించమని అడగను. ‘పోయినవాళ్ల గురించి చెడ్డగా మాట్లాడకూడదు’ అని నోరు మూయించను. అలాగని ఇంటివాళ్లకు పంపే కాగితంలో ఆ గాయాన్నీ పెట్టను, ఆ కథ అతనిది, నాది కాదు. కానీ అబద్ధం మాత్రం రాయను. ‘అందరూ’, ‘ఎప్పుడూ’, ‘ఎవరితోనూ గొడవ పడలేదు’ లాంటి మాటలు కనిపించినచోటల్లా కొట్టేస్తాను. అవి కొట్టేస్తే రాసింది సగానికి సగం తగ్గుతుంది. మిగిలింది నిలుస్తుంది. మీకు వాళ్లతో గొడవ ఉండి, అది తేలకుండానే వాళ్లు పోతే, ఆ కాగితం వేరే రాసుకుని మీ దగ్గరే ఉంచుకోండి.

ఫోటోలు

క్లాసు గ్రూపు ఫోటోలో ఒక్కో మొహం వేలిగోరంత ఉంటుంది. ఫోనుతో ఫోటోకి ఫోటో తీసి పంపితే కళ్లూ ముక్కూ కలిసిపోతాయి. స్కానర్ దొరికితే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయండి. దొరక్కపోతే పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోనును ఫోటోకి సమానంగా పైనుంచి పట్టుకుని తీయండి. ఫ్రేము అద్దానికి ఫోటో అంటుకుపోయి ఉంటే పీకొద్దు, పైపొర ఊడిపోతుంది. అద్దంతోనే స్కాన్ చేయించండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు కుదించేస్తుంది. ‘డాక్యుమెంట్’గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది.

పేర్లు రాయడం మర్చిపోకండి. ఎడమ నుంచి కుడికి, పై వరుస నుంచి కిందికి. ఫోటో వెనక బాల్‌పెన్నుతో రాస్తే ముందువైపు గీతలు తేలుతాయి, సిరా అంటుకుంటుంది. మెత్తని పెన్సిల్‌తో, అంచున, తేలిగ్గా రాయండి. మా ఫోటోలో మూడో వరుసలో ఒకమ్మాయి పేరు ఎవరికీ గుర్తు రాలేదు. బతికున్నవాళ్లను కూడా ఇలాగే పోగొట్టుకుంటాం.

ఒక హెచ్చరిక. మావాడొకడు ఉత్సాహంగా వాడి పాత ఫోటోను ఏఐ యాప్‌లో పెట్టి, నవ్వుతూ తల తిప్పేట్టు వీడియో చేసి గ్రూపులో వదిలాడు. అది ఎలాగో ఇంటివాళ్లకు చేరింది. వాళ్లావిడ అన్నదట, “ఆ నవ్వు ఆయనది కాదు” అని. ఫోటో మీద మచ్చలు తుడవడం వరకు సరే. లేని కదలిక, లేని గొంతు తగిలించొద్దు. కావాలని వాళ్లే అడిగితే అది వేరు.

ఫోన్ నంబరు, అకౌంట్లు

చాలామందికి తెలియనిది: వాట్సాప్ అకౌంటు సాధారణంగా 120 రోజులు వాడకపోతే దానంతటదే తొలగిపోతుంది. తొలగితే గ్రూపుల్లోంచీ పోతుంది. వాడు పోయిన నాలుగైదు నెలలకు మా గ్రూపులో వాడు ‘లెఫ్ట్’ అయ్యాడని ఒక చిన్న బూడిదరంగు లైను కనబడింది. ఆ రోజు మళ్లీ ఎవరూ ఏమీ మాట్లాడలేదు. మీ గ్రూపులో అందరికీ ముందే చెప్పి ఉంచండి, కాస్త తేలిగ్గా ఉంటుంది. ఎవరో వాణ్ని తీసేశారని అడ్మిన్ మీద కోపాలు కూడా రావు. మీ ఫోనులో వాడితో ఉన్న చాట్ మాత్రం మీ దగ్గరే ఉంటుంది. ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ నొక్కి, మీడియాతో సహా ఒక కాపీ బయట దాచుకోండి. ఫోను మార్చేటప్పుడు పోయేవి ఇవే.

ఆ నంబరుకు మెసేజ్‌లు పెట్టే అలవాటు ఉంటే మానుకోండి. నేను వాడి పుట్టినరోజుకు ఒకటి పెట్టాను. పెట్టేటప్పుడు అది ఎక్కడికీ చేరదనే నా నమ్మకం. మూడో నిమిషంలో జవాబు: “మీరెవరండీ?” ఫోన్ కంపెనీలు వాడని నంబర్లను వేరేవాళ్లకు ఇచ్చేస్తాయి కదా. ఆ అబ్బాయికి క్షమాపణ చెప్పాను. “పర్లేదు ఆంటీ, మీది మూడో మెసేజ్” అన్నాడు.

ఫేస్‌బుక్‌లో 2009 నుంచీ చనిపోయినవాళ్ల ఖాతాను స్మారకంగా మార్చే వీలుంది. మరణానికి ఆధారం జతచేసి అడగాలి. మారాక పేరు పక్కన ‘రిమెంబరింగ్’ అని వస్తుంది, పుట్టినరోజు నోటిఫికేషన్లు ఆగుతాయి, ఎవరూ లాగిన్ కాలేరు. 2015 నుంచి, బతికుండగానే ఒకరిని ‘లెగసీ కాంటాక్ట్’గా పెట్టుకోవచ్చు. వాళ్లు ప్రొఫైల్ ఫోటో మార్చగలరు, పైన ఒక పోస్టు పెట్టగలరు, మెసేజ్‌లు మాత్రం చదవలేరు. స్నేహితులుగా మనం కూడా స్మారకంగా మార్చమని అడగొచ్చు గానీ, ఇంటివాళ్లను అడక్కుండా ఆ పని చేయొద్దు. వాళ్లు ఇంకా ఆ ఫోనులోంచి ఫోటోలు తీసుకుంటూ ఉండొచ్చు. పాస్‌వర్డ్ తెలుసు కదా అని లాగిన్ అయ్యి చక్కబెట్టే స్నేహితుడు ప్రతి బ్యాచ్‌లో ఒకడుంటాడు. వాణ్ని ఆపండి.

రాయడం, చెప్పడం

సభలో మాట్లాడాల్సి వస్తే ఒక పేజీకి మించొద్దు. ఇంట్లో గట్టిగా చదివి చూసుకోండి, ఏ లైను దగ్గర గొంతు పట్టేస్తుందో ముందే తెలుస్తుంది. ఆ లైనుకు ముందు కాగితం మీద ఒక గీత గీసుకోండి, అక్కడ ఆగొచ్చు. పుట్టిన తేదీ, చదువు, ఉద్యోగం వేరేవాళ్లు చెబుతారు. మీరు నేరుగా ఒక రోజులోకి దిగండి.

నా మొదటి ప్రతి ఇలా మొదలైంది: ‘నా ప్రియ మిత్రుడు, సహృదయుడు, స్నేహశీలి...’ ఆఖరి ప్రతి ఇలా: ‘వాడికి బోర్డు మీద సున్నా గీయడం వచ్చు. చాక్‌పీసు పట్టుకుని ఒక్కసారి చెయ్యి తిప్పేవాడు, మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగేది. మాస్టారు కంపాస్ పెట్టి చూసేవారు.’

ఇంకో పరీక్ష ఉంది. రాసినదాంట్లో ‘నేను’, ‘నా’, ‘నాకు’ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నా మొదటి ప్రతిలో ఇరవై రెండు. వాడి పేరు నాలుగుసార్లు.

ఇంటివాళ్లకు ఇవ్వడం

ముందు వాళ్లావిడకు ఫోన్ చేశాను. ఎందుకంటే పిల్లలకు తెలియని సంగతులు మన దగ్గర ఉంటాయి. అవి తెలియకపోవడానికి కారణం కూడా ఉండొచ్చు. చదివి వినిపిస్తూ లెక్కలు తప్పిన చోటికి వచ్చేసరికి ఆమె ఆపింది. “అమ్మాయికి తెలియదండీ. లెక్కల్లో నూటికి తొంభై ఆరు వచ్చాయని చెప్పేవారు.” నేను తీసేస్తానన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “వద్దులెండి, ఉంచండి. ఇప్పుడు అది ఇంటర్ లెక్కలతోనే అవస్థ పడుతోంది” అంది.

ప్రింటు తీసి పంపండి. ఫోనులో పంపింది వంద మెసేజ్‌ల కింద పడిపోతుంది. మాది పదకొండు పేజీలైంది, ఎవరు ఏం చెప్పారో పేర్లతో, చివర గ్రూపు ఫోటోతో. ‘జవాబు రాయాల్సిన అవసరం లేదు’ అని పైన ఒక లైను రాశాను. సంతాపాలకు జవాబులివ్వడం వాళ్లకు ఒక పెద్ద పనైపోతుంది. ఇది ఆ లెక్కలోకి రాకూడదు. వెంటనే పంపాలని కూడా లేదు. మొదటి పదిహేను రోజులూ ఇల్లు మనుషులతో నిండి ఉంటుంది. మేము పంపింది ఎనిమిదో నెలలో. అప్పటికి ఫోన్లు చేసేవాళ్లు తగ్గిపోయారని వాళ్లావిడ తర్వాత చెప్పింది.

రెండు నెలలకు వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. ఏమీ అడగలేదు, లెక్కల గురించీ అనలేదు. “నాన్న మా ఇంటి గోడ మీద గడియారం తగిలించడానికి ముందు పెన్సిల్‌తో గుండ్రంగా గీశారు ఆంటీ. అది ఇంకా గడియారం వెనకాల ఉంది. నిన్న తీసి చూశాను” అంది.

ఆ తర్వాత

మూడో రోజే పెద్ద పెద్ద వాగ్దానాలు చేయకండి. మాకు ముందు బ్యాచ్ ఒకటి, పోయిన స్నేహితుడి పేరున ఏటా బహుమతి ఇస్తామని మైకులో ప్రకటించింది. ఒక్క ఏడాది ఇచ్చారు. రెండో ఏడాది ఎవరు డబ్బు వేయాలన్న దాని మీద మాటామాటా పెరిగి మానేశారు. ఇప్పుడా పేరు తలిస్తే జనానికి ఆ గొడవే గుర్తొస్తోంది. ఏదైనా ఇవ్వాలనుకుంటే ఒక్కసారి ఇచ్చి, ‘ఒక్కసారే’ అని చెప్పండి.

ఏటా ఆ తేదీకి మెసేజ్ పెట్టాలా వద్దా అన్నదీ మీ ఇష్టం. పోయినవాళ్లను వదిలేసి ముందుకెళ్లిపోవడమే ఆరోగ్యమని ఒకప్పుడు గట్టిగా చెప్పేవాళ్లు. డెనిస్ క్లాస్, ఫిల్లిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ అనే పరిశోధకులు 1996లో దానికి ఎదురు చెప్పారు: చాలామంది పోయినవాళ్లతో బంధాన్ని తెంచుకోరు, రూపం మార్చి ఉంచుకుంటారు, అది మామూలే అని. నాకు తేదీలు అచ్చిరాలేదు. ఎక్కడైనా నిశ్శబ్దంలో ఎవరి పెన్నో టిక్కుమంటే వెనక్కి తిరుగుతాను, అంతే.

ఆ మూడు వరుసల కాగితం ఇప్పటికీ ఖాళీ చోట్లతో ఉంది. కొత్తది ఎవరైనా చెబితే కలుపుతూ ఉంటాను. పోయిన నెల, పొద్దున్నే, రాయనన్న ఆ క్లాస్‌మేట్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. ముందూ వెనకా ఏమీ లేదు. “గ్రాఫ్ పేపర్ రోజూ నా దగ్గరే తీసుకునేవాడు. ఒక్కసారీ తిరిగివ్వలేదు. పరీక్ష రోజు మాత్రం నాకోసం ఒకటి ఎక్కువ తెచ్చాడు. ఇది రాసుకోండి.”

‘విన్నది’ వరుసలో రాశాను, తేదీ వేసి. అతని పేరు పక్కన పెట్టొచ్చా అని అడిగాను. ఇంకా చెప్పలేదు.